ట్రైలర్‌లో మూడు సెకన్లు

థ్రిల్లర్ సినిమాకి ట్రైలర్ కట్ చేయడం అంత కష్టం కాదు. కట్ చేసినదాన్ని పదిమంది చేతుల్లో పడకుండా కాపాడుకోవడమే కష్టం. ఫిలింనగర్‌లో ఎడిటింగ్ గది తలుపు తట్టకుండా లోపలికి రావడం అందరికీ పుట్టుకతో వచ్చిన హక్కు. దారిన పోతూ టీ కోసం ఆగినవాడు కూడా నా కుర్చీ వెనక నిలబడి రెండు నిమిషాలు చూసి, "బాగుంది గానీ ఇంకొంచెం స్పీడుండాలండీ" అనేసి వెళ్ళిపోతాడు. వాడెవడో నాకు తెలియదు, డైరెక్టర్‌కీ తెలియదు. డైరెక్టర్ మాత్రం సాయంత్రందాకా ఆ మాట పట్టుకుని నా ప్రాణం తోడేస్తాడు.

నేను చెప్తున్నది మాదాపూర్‌లో బండలు పేల్చి అద్దాల మేడలు కడుతున్న రోజుల సంగతి. జూబ్లీహిల్స్‌లోనూ ఏదో ఒక మూల పునాదుల కోసం బండలు పేలుతూనే ఉండేవి. నేను మోతీనగర్ నుంచి యూసుఫ్‌గూడ మీదుగా బండి మీద వచ్చేసరికి, రోజూ ఎక్కడో ఒకచోట ఎర్రజెండా పట్టుకున్న మనిషి అడ్డం నిలబడి ఈల ఊదేవాడు. అందరం ఆగిపోయేవాళ్ళం. ఇంజన్లు ఆపేసేవాళ్ళం. ఈలకీ పేలుడుకీ మధ్య ఎవరూ మాట్లాడరు. ఆటోవాడు కూడా నోట్లో గుట్కా నమలడం ఆపేస్తాడు. పేలిన తర్వాత భయం ఉండదు, దుమ్ము మాత్రమే ఉంటుంది. ట్రైలర్ గురించి నాకు తెలిసినదంతా ఆ రోడ్డు మీద తెలిసిందే. భయం పేలుడులో లేదు, అంతకు ముందు అందరూ భుజాలు బిగబట్టుకున్న ఆ కాసేపట్లో ఉంది.

ఈ ముక్క మా డైరెక్టర్‌కి ఎక్కించడానికి నేను పడ్డ పాట్లు ఆ దేవుడికే తెలుసు. ఆయనకి అది మొదటి సినిమా. ముప్పై ఏళ్ళుంటాయి, గుంటూరు వైపు మనిషి. మొదటి రోజే నా తెలంగాణ మాట విని, "మీ భాష భలే కామెడీగా ఉంటుందండీ" అని మెచ్చుకున్నాడు. నేను పుట్టిన ఊళ్ళో కూర్చుని నా భాష కామెడీ అన్న మనిషితో నేను నాలుగు నెలలు పనిచేశాను. ఇదొక్కటి చాలు నా సహనం ఎంతటిదో చెప్పడానికి.

"నాకు బూమ్ కావాలి మేడమ్" అనేవాడు. బూమ్ అంటే గుండెల మీద గుద్దినట్టు ఒక లావు శబ్దం. అప్పుడే విదేశీ సినిమాల డీవీడీలు దొరుకుతున్నాయి, వాటిలో చూసి పట్టుకున్నాడు. తలుపు తెరుచుకుంటే బూమ్. హీరో తిరిగి చూస్తే బూమ్. సినిమా పేరు పడితే బూమ్. ఒకరోజు లెక్కపెడితే రెండు నిమిషాల ట్రైలర్‌లో పదకొండు బూమ్‌లున్నాయి. పదకొండుసార్లు ఉలిక్కిపడే ఓపిక ఏ ప్రేక్షకుడికి ఉంటుంది? మూడోసారికి వాడు పక్కవాడితో సమోసా గురించి మాట్లాడుకుంటాడు.

నేను అవన్నీ తీసేశాను. హీరోయిన్ ఒంటరిగా ఉన్న ఇంట్లో కుళాయి చుక్కతో మొదలుపెట్టాను. షాట్ మారడానికి ముందే తర్వాతి షాట్ శబ్దం వచ్చేలా పెట్టాను. ఆమె గిన్నెలు కడుగుతుంటేనే మనకి మెట్లమీద అడుగులు వినిపిస్తాయి, మెట్లు ఆ తర్వాత కనిపిస్తాయి. చెవి ముందు వెళ్తుంది, కన్ను వెనకాల పరుగెత్తుతుంది. మొదట్లో ఒక్కో షాటు మూడు సెకన్లు. తర్వాత రెండు, ఒకటి, అర. చివరికి కంటికి అందీ అందనంత. వాటి అడుగున కడుపులో తిప్పినట్టు ఒక లావు హోరు, పైన కత్తి పళ్ళెం మీద గీసినట్టు ఒక సన్న కీచు. రెండూ పెరిగి పెరిగి ఇక భరించలేం అనుకున్న చోట అన్నీ ఒక్కసారిగా కోసేశాను. తెర నల్లగా. శబ్దం లేదు. మూడు సెకన్లు. ఆ తర్వాత ఒకే ఒక్క బూమ్, సినిమా పేరు.

ఆ మూడు సెకన్ల కోసమే మిగతా రెండు నిమిషాలూ. అవి తీసేస్తే అది ట్రైలర్ కాదు, ఇనప సామాన్ల దుకాణం.

ఇక మా నిర్మాత. ఆయనది సాఫ్ట్‌వేర్ కంపెనీ. వాళ్ళ నాన్నకి సికింద్రాబాదులో బట్టల దుకాణం, ఈయన మాదాపూర్‌లో మూడంతస్తుల ఆఫీసు పెట్టాడు. సినిమా అంటే పిచ్చి. మంచి మనిషి. ఆ మంచితనమే నా చావుకొచ్చింది. చెడ్డ నిర్మాత అయితే అరిచి వెళ్ళిపోతాడు. ఈయన అరవడు. ట్రైలర్ సీడీ పట్టుకెళ్ళి, తన ఆఫీసులో సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే తొమ్మిదిమందికీ చూపించాడు. వాళ్ళు పాపం చెప్పిన పని శ్రద్ధగా చేసే పిల్లలు. రెండోరోజుకి నాకొక పట్టిక వచ్చింది. ముప్పై ఎనిమిది తప్పులు. ఒక్కో తప్పుకీ నంబరు, సమయం, తీవ్రత.

నాలుగో తప్పు: తలుపు తెరుచుకుంది, లోపలికి ఎవరూ రాలేదు. పదకొండో తప్పు: హీరో మొహం సగమే కనిపించింది. పంతొమ్మిదో తప్పు: కథ అర్థం కాలేదు. ఇక ముప్పై ఒకటో తప్పు: ఒక నిమిషం యాభై ఒకటో సెకను నుంచి యాభై నాలుగు వరకు బొమ్మా లేదు, శబ్దమూ లేదు. తీవ్రత ఒకటి. అంటే ఇది సరిచేయందే సరుకు గుమ్మం దాటకూడదని అర్థమట.

ఆ కాగితం చదువుతున్నప్పుడు నా ముందు మైకు తెరిచే ఉంది. డబ్బింగ్ చెప్పిన అమ్మాయి హీరోయిన్ కోసం ఇచ్చిన ఊపిరులన్నీ కొండెక్కి దిగినట్టు ఉన్నాయని, నేనే నాలుగు ఊపిరులు పట్టి చూసి, అవీ కుదరక, మైకు ఆపడం మర్చిపోయాను. ముప్పై ఒకటో తప్పు దగ్గర నాకు ఒళ్ళు మండింది. ముక్కుతో గట్టిగా ఊపిరి లాగి, తిట్టబోయి, గదిలో ఎవరూ లేరు కదా అని అక్కడే ఆపేశాను. తర్వాత వింటే రికార్డులో ఉంది. చిన్నగా, లోపలికి లాగి, వదలని ఊపిరి. దాన్ని తీసి ఆ నల్లటి మూడు సెకన్లలో రెండో సెకను చివర అతికించాను. ఎవరో ఆ చీకట్లో మన పక్కనే ఉన్నట్టుంది. అది నాదని ఎవరికీ చెప్పలేదు. చెప్తే దానికీ ఒక నంబరు ఇస్తారు.

ఆ ఊపిరిని సరైన మోతాదులో కలపాల్సినవాడు మా మిక్సింగ్ సార్. మాటలూ, సంగీతమూ, మిగతా శబ్దాలూ కలిపి ఏది ఎంత వినిపించాలో తేల్చే పెద్దాయన. అరవై దగ్గరపడ్డాయి. కృష్ణా జిల్లా మనిషి, మద్రాసు నుంచి సినిమావాళ్ళంతా ఇటు తరలివచ్చినప్పుడు వచ్చి యూసుఫ్‌గూడలో స్థిరపడ్డాడు. ఫిలింనగర్ వాలులో ఉన్న ఆ మిక్సింగ్ గదిలో ఆయన కుర్చీలో ఇంకొకరు కూర్చోవడం నేను చూడలేదు. ఒక్క ఫ్రేము తేడా వచ్చినా చెయ్యి పైకెత్తి ఆపేసేవాడు.

అలాంటి మనిషి మా ట్రైలర్ మొదలుపెట్టిన రోజు ఆ సన్న కీచుని పెంచడం మొదలుపెట్టాడు. నా పళ్ళు జివ్వుమన్నాయి. చెవులు మూసుకున్నాను. ఆయన తాపీగా నావైపు తిరిగి, "ఇంకొంచెం పెంచనా అమ్మాయ్?" అని అడిగాడు.

పంతం అనుకున్నాను. రెండోరోజూ అంతే. మూడోరోజు ఊపిరి దగ్గర ఆపి, "ఇక్కడేమీ లేదుగా, ఎందుకు ఆపమన్నావ్?" అన్నాడు. అప్పుడు నాకు అర్థమైంది. అర్థమైనందుకు నా మీద నాకే కోపం వచ్చింది. అర్థం కాకపోతే హాయిగా పోట్లాడి ఊరుకునేదాన్ని.

మధ్యాహ్నం టీ బడ్డీ దగ్గర ఆయనే చెప్పాడు. "కుడి చెవి రెండేళ్ళ కిందటే పోయిందమ్మాయ్. ఎడమదానికి లావు శబ్దాలు అందుతాయి. సన్నవి అందవు."

"డాక్టర్‌కు చూపించిన్రా సార్?"

"చూపించా. చెవికి మిషన్ పెట్టుకోమన్నాడు. మిషన్ పెట్టుకుని మిక్సింగ్‌కి కూర్చుంటే ఎవడు పిలుస్తాడు? చర్చిలో మొదటి వరసలో కూర్చుంటున్నా, పిల్లల పాట వస్తుంటే పెదాలు కదలడం కనిపిస్తుంది, అంతే." గ్లాసు కింద పెట్టి అన్నాడు. "ఇదే ఆఖరి సినిమా. అయిపోయాక నేనే లేచి, కుర్చీ వెనక్కి జరిపి వెళ్ళిపోతా. మధ్యలో ఎవడో వచ్చి భుజం తట్టి లేపకూడదు. అదొక్కటే నాకు కావాల్సింది. నువ్వు ఎవరికీ చెప్పకు."

జాలి తర్వాత వచ్చింది. ముందు వచ్చింది చిరాకే. ఊళ్ళో ఇంతమంది ఉండగా ఈ మూట నా నెత్తినే ఎందుకు పెట్టాలి? పైగా వద్దని చెప్పడానికి నోరు రాలేదు. నాకు కోయడం నేర్పింది వేరేవాళ్ళు, వినడం నేర్పింది ఈయన.

"సరే సార్, జర నా పెన్సిల్ దిక్కు చూస్తుండండి" అన్నాను.

అప్పట్నుంచి మా పని పెన్సిల్‌తో నడిచింది. నేను ఆయన ఎడమపక్కన కూర్చునేదాన్ని. పెన్సిల్ బల్లమీద పడుకుని ఉంటే సన్న శబ్దం లేదని. నిలబెడితే ఉందని. ఎంత ఎత్తు లేపితే అంత గట్టిగా ఉందని. లావు హోరుకి నా అవసరం లేదు. అరచెయ్యి బల్లమీద ఆనించి, దాన్ని ఆయన కలిపినట్టు ఇంకెవరూ కలపలేరు. ఊపిరి దగ్గర మాత్రం పెన్సిల్‌ని వేలెడెత్తు లేపేదాన్ని. ఆయన రెండు వేళ్ళతో మీటని వెంట్రుకవాసి జరిపేవాడు. తన చెవిన పడని ఊపిరిని ఆ మనిషి అంత జాగ్రత్తగా కలుపుతుంటే చూడటం నాకు కష్టంగా ఉండేది. డైరెక్టర్ వెనక నుంచి, "మేడమ్ ఏంటి ఎప్పుడూ పెన్సిల్‌తో ఆడుకుంటారు?" అనేవాడు.

రెండో సీడీ మాదాపూర్ వెళ్ళింది. పట్టిక తిరిగొచ్చింది. ముప్పై ఏడు తప్పులు నేను వివరణలు రాసి రాసి మూయించాను. ముప్పై ఒకటోది మాత్రం మిగిలింది. ఈసారి దానికింద కొత్త మాట చేరింది: నలుగురికి ఏదో వినిపిస్తోంది, ఐదుగురికి ఏమీ వినిపించడం లేదు. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్ళు నలుగురు, మిగతావాళ్ళు కంప్యూటర్ పక్కన ఉండే డొక్కు స్పీకర్లతో విన్నారు. ఇంతే సంగతి. కానీ సంగతి ఇంతే అంటే నిర్మాత ఎందుకు ఒప్పుకుంటాడు?

ఆ కాగితం చేతిలో పట్టుకుని మిక్సింగ్ గదికే వచ్చేశాడు, వెంట డైరెక్టర్.

"ఏంది మేడమ్, గీడ సౌండ్ ఉన్నట్టా, లేనట్టా? ఉంటే అందరికీ ఇనపడాలె. లేకుంటే బగ్ అట్లనే ఉన్నట్టు."

"ఉంది సార్. మెల్లగ ఉంది. గట్ల ఉంటెనే భయమైతది."

"నేను చెప్తున్నా కదండీ, అక్కడొక బూమ్ వేసేస్తే గొడవే ఉండదు" అన్నాడు డైరెక్టర్.

"మీరిద్దరు ఆగుండ్రి" అని నిర్మాత పెద్దాయన వైపు తిరిగాడు. "సార్ ఉండంగ మనకేం ఫికర్. సార్ చెవికి మించిన టెస్టింగ్ లేదు. సార్, ట్రైలర్ నడిపిస్తం. సౌండ్ ఇనపడ్డప్పుడు జర చెయ్యి లేపుండ్రి. సార్‌కు ఇనపడితే ఉన్నట్టే, ఐటమ్ క్లోజ్."

నా చెయ్యి పెన్సిల్ కోసం వెళ్ళింది. పెన్సిల్ లేదు. డైరెక్టర్ నా ముందు నుంచి దాన్ని తీసుకుని, కాగితం మీద టిక్కులు పెట్టడానికి సిద్ధంగా నిలబడ్డాడు. నిర్మాత మా ఇద్దరి మధ్యకి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన తల అడ్డం వచ్చి నాకు పెద్దాయన కనిపించలేదు. పెద్దాయనకి నేనూ కనిపించలేదు.

ట్రైలర్ మొదలైంది. కుళాయి చుక్క. మెట్లమీద అడుగులు. ఈ భాగాలన్నీ నేను వందసార్లు చూసినవి, వాటికి భయపడటం ఎప్పుడో మానేశాను. ఆరోజు మాత్రం ఒక్కో షాటూ కురచ అవుతున్న కొద్దీ నేనే భుజాలు బిగబట్టుకున్నాను. హోరు పెరిగింది. కీచు పెరిగింది. ఈ మనిషిని ఇప్పుడు భుజం తట్టి లేపేస్తారు అనుకున్నాను. తెర నల్లబడింది.

ఒక సెకను గడిచింది. పెద్దాయన చెయ్యి పైకి లేచింది.

అక్కడ ఏమీ లేదు. ఊపిరి ఇంకో సెకను తర్వాత ఉంది.

"ఆఁ, ఉంది ఉంది! క్లియర్‌గ ఉంది!" అన్నాడు నిర్మాత. సరిగ్గా అప్పుడే అసలు ఊపిరి వచ్చింది. ఆయన 'క్లియర్‌గ' కింద పడి నలిగిపోయింది.

"నేను మొదట్నుంచీ అదే చెప్తున్నా కదండీ, అదే ఈ ట్రైలర్‌కి ప్రాణం" అన్నాడు డైరెక్టర్, నా పెన్సిల్‌తో టిక్కు పెడుతూ. బూమ్ పడింది. ముప్పై ఒకటో తప్పు అలా మూసుకుపోయింది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లేని శబ్దాన్ని ఇద్దరు విన్నారు, ఉన్న శబ్దాన్ని ఎవరూ వినలేదు. నాలుగు నెలలుగా వీళ్ళ చెవుల కోసమా నేను ఇంత అల్లాడింది? కానీ ఆయన కుర్చీ ఆయనకి మిగిలింది కదా అని నోరు మూసుకున్నాను.

వాళ్ళు వెళ్ళాక పెద్దాయన అడిగాడు. "ఎంత తప్పాను?"

"ఒక సెకను ముందు సార్."

"ఒక సెకనా" అన్నాడు. అంటే ఇరవై నాలుగు ఫ్రేములు. ఒక్క ఫ్రేముకి చెయ్యెత్తి ఆపే మనిషి. ఆరోజంతా నా పెన్సిల్ వైపు కూడా సరిగ్గా చూడలేదు.

ట్రైలర్ రీలుని వేరే పెద్ద సినిమాతో కలిపి హాళ్ళకి పంపారు. శుక్రవారం మ్యాట్నీకి నేను మోతీనగర్ దగ్గరి పాత హాలుకి వెళ్తానన్నాను. పెద్దాయన, "నేనూ వస్తా" అన్నాడు. వద్దంటే బాగుండదని ఊరుకున్నాను. ఆట మొదలవకముందే పైన ప్రొజెక్టర్ గదికి ఎక్కి ఆపరేటర్‌కి చెప్పాను. "అన్నా, ట్రైలర్ల మూడు సెకన్లు బొమ్మ ఉండదు, సౌండ్ ఉండదు. ఏం ఖరాబ్ కాలే. నువ్వు మాత్రం సౌండ్ ముట్టకు."

"గింత చెప్పాల్నా మేడమ్! ముప్పై ఏండ్ల సంది నడుపుతున్న. ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. ఎందుకైనా మంచిదని రీలు డబ్బా మీద ఒక చీటీ కూడా అంటించి దిగాను.

హాలు నిండింది. ట్రైలర్ మొదలైంది. కుళాయి చుక్కకి ఎవరో ఈల వేశారు. అడుగులకి ఈలలు తగ్గాయి. హోరు పెరిగేసరికి ముందు వరసలు కూడా సద్దుమణిగాయి. నాకు ఆశ పుట్టింది. అన్నీ కోసుకుపోయి తెర నల్లబడింది.

"సౌండ్! అరే సౌండ్!" అని బాల్కనీలోంచి ఒకడు అరిచాడు. అంతే. పైన ఆ ముప్పై ఏళ్ళ అనుభవం మీట మీద చెయ్యి వేసింది. సౌండు పోయింది అనుకుని మొత్తం పైకి తోసేశాడు. హాలంతా బుస్సుమంది.

ఆ బుసలోంచి ఊపిరి వచ్చింది. వేలెడెత్తు పెన్సిల్‌తో, వెంట్రుకవాసి మీటతో కలిపిన ఊపిరి, హాలు నాలుగు గోడల నుంచీ వచ్చి మా అందరి మీదా పడింది. ఆ అరిచినవాడు కూడా నోరు మూశాడు.

తర్వాత అదే సౌండులో బూమ్ పడింది. ఎడమవైపు స్పీకర్ ఏదో చిరిగినట్టు గరగరలాడింది. పిల్లలు ఏడ్చారు, పెద్దవాళ్ళు బూతులు తిట్టారు, ఆ తర్వాత అందరూ కలిసి నవ్వారు. భయపెట్టడానికి తీసిన ట్రైలర్‌కి నవ్వు. నేను లేచాను. ఆపరేటర్ గొంతు పట్టుకుని ఆ చీటీ మింగించేదాకా వదలకూడదని మెట్లవైపు తిరిగాను.

పెద్దాయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"అది నీదే కదూ?"

"ఏంది సార్?"

"ఊపిరి. నీ పెన్సిల్ చూసి ఇన్నాళ్ళూ అది భయం అనుకున్నాను. భయం కాదమ్మాయ్, విసుగు. ఆ పిల్ల చీకట్లో ఎవరిమీదో విసుక్కుంటోంది. అలా విసుక్కునేది ఈ ఫిలింనగర్ మొత్తంలో నువ్వొక్కదానివే."

తొమ్మిదిమంది పరీక్షించారు, డైరెక్టర్ ప్రాణం అన్నాడు, నిర్మాత క్లియర్ అన్నాడు. దాన్ని నిజంగా విన్నవాడు ఈయనొక్కడే. అది కూడా ఒక ఆపరేటర్ చెడగొట్టబట్టి. పెద్దాయన కళ్ళనిండా నీళ్ళు. తుడుచుకోలేదు, దాచుకోలేదు. నేను మళ్ళీ కూర్చున్నాను. పెద్ద సినిమా మొదలైంది, అందులో ఏం జరిగిందో నాకు ఒక్క ముక్క గుర్తులేదు.

బయటికి వస్తుంటే ఆపరేటర్ మెట్ల దగ్గరే ఎదురయ్యాడు. "చెయ్యి ఆగలే మేడమ్. సౌండ్ పోతే సీట్లు చింపుతరు. అలవాటు" అన్నాడు తల గోక్కుంటూ. జీవితంలో మొదటిసారి ఒక ఆపరేటర్‌ని తిట్టకుండా వదిలేశాను.

సోమవారం సినిమా మిక్సింగ్ ఉంది. ఇంకా నాలుగు రీళ్ళు మిగిలాయి. నిర్మాత, డైరెక్టర్ ఇద్దరూ ఉన్నారు. నేను పెన్సిల్ చెక్కుకుని కూర్చునేసరికి, పెద్దాయన వాళ్ళవైపు తిరిగి చాలా మామూలుగా చెప్పేశాడు. "నాకు కుడి చెవి లేదండీ. ఎడమది సగం. బంజారాహిల్స్ స్టూడియోలో నా దగ్గర నేర్చుకున్న కుర్రాడు ఉన్నాడు, మంచి చెవి. రేపట్నుంచి అతను కూర్చుంటాడు. హోరు దగ్గర నా చెయ్యి కావాలంటే వెనక సోఫాలో ఉంటాను."

నిర్మాత చేతిలో ఉన్న కాగితాలు అటూ ఇటూ తిప్పాడు.

"మరి గా రోజు ముప్పై ఒకటో ఐటమ్ ఎట్ల ఇన్నరు సార్?"

"మీరెట్లా విన్నారో నేనూ అట్లాగే విన్నానండీ."

డైరెక్టర్ తల దించుకుని సెల్‌ఫోన్‌లోకి చూశాడు. నిర్మాత మొహం ఎర్రబడింది. కాసేపటికి ఆయనే ముందు నవ్వాడు. మంచి మనిషని చెప్పాను కదా. "సోఫా ఎందుకు సార్, పక్కన కుర్చీ ఏయిస్త" అన్నాడు. పెద్దాయన లేచాడు. ఎవరూ భుజం తట్టలేదు. కుర్చీని తనే వెనక్కి జరిపి, బల్ల కిందకి నెట్టి, బయటికి నడిచాడు.

నేను వెనకాలే మెట్ల మీదికి పరుగెత్తాను. బాధగా ఉంది, కోపంగానూ ఉంది. "రెండు నెలలు సార్! పెన్సిల్ లేపి లేపి నా చెయ్యి పడిపోయింది. ఒక్కరికి తెల్వకుండ దాచిన. మీరేమో రెండు నిమిషాల్ల అందరి ముందర చెప్పేసిన్రు. నాకన్న ఒక మాట ముందు చెప్పొద్దా?" అని, ముక్కుతో గట్టిగా ఊపిరి లాగి ఆగిపోయాను.

ఆయన నా మొహంలోకి పరీక్షగా చూశాడు. "ఇప్పుడు విసుక్కున్నావా?"

"విసుక్కున్న."

"వినిపించలేదమ్మాయ్. ఇక్కడ సౌండు పెంచే ఆపరేటర్ లేడుగా."

నేను రెండు మెట్లు దిగి ఆయన ఎడమ చెవి వైపుకి వెళ్ళి, ఈసారి ఇంకొంచెం గట్టిగా విసుక్కున్నాను.